పారిస్ చర్చిల్లో రాతి బరువు ఎటు దిగుతుంది?

క్లుప్తంగా

పారిస్‌లోని కతోలిక చర్చిలు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. పైకప్పు బరువును నేలకు దించే దారి కాలంకొద్దీ మారుతూ వచ్చింది. ప్రార్థన జరిగే తీరు కూడా మారింది. చర్చిల రూపాల్లో తేడాలకు చాలావరకు ఈ రెండే కారణం. ఇక ప్రవేశం ఎక్కడ ఉచితం, మరమ్మతు ఎవరి బాధ్యత అనే ప్రశ్నలకు జవాబు 1905 నాటి ఒక చట్టంలో ఉంది.

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లో నోట్రెడామ్ కథీడ్రల్ పైకప్పు తగలబడుతుంటే ప్రపంచమంతా టీవీల్లో చూసింది. అయిదేళ్లు దాటాక, 2024 డిసెంబర్ 7న, ఆ చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. దానితో పాటు కొన్ని ప్రశ్నలూ చర్చకు వచ్చాయి. పైకప్పు మొత్తం కాలిపోయినా గోడలు ఎలా నిలబడ్డాయి? నోట్రెడామ్‌లోకి టికెట్ లేదు, అయిదు నిమిషాల నడక దూరంలో ఉన్న సాంత్ షపెల్ అనే చర్చికి మాత్రం ఉంది, ఎందుకు? ఒకే ఊళ్లో ఒక చర్చి రాతి అడవిలా, ఇంకొకటి గ్రీకు గుడిలా, మరొకటి రైల్వే స్టేషన్‌లా ఉండటం ఏమిటి?

యూరప్ టూర్‌కి వెళ్లేవాళ్లకు గైడ్ చెప్పే రోమనెస్క్, గోతిక్, బరోక్ లాంటి నిర్మాణ శైలుల పేర్లు బస్సు ఎక్కేసరికి మనసులో కలగాపులగం అయిపోతాయి. పేర్లను కాసేపు పక్కన పెట్టి, చర్చిలో అడుగు పెట్టగానే తల ఎత్తి చూడటం మేలు. ఈ కప్పు బరువు ఎటు పోతోంది అని అడిగితే మిగతా వివరాలు వాటంతట అవే సర్దుకుంటాయి.

పేర్ల తికమక

ముందుగా ఒక చిన్న సందేహం తీర్చుకోవాలి. పెద్ద చర్చి అయినంత మాత్రాన కథీడ్రల్ కాదు. బిషప్ ఆసనం ఉన్న చర్చే కథీడ్రల్. ఒక బిషప్ కింద ఉండే ప్రాంతాన్ని, అంటే డయోసిస్‌ను, తెలుగు కతోలికులు మేత్రాసనం అంటారు, అందులోనూ ఆసనమే ఉంది. బసిలికా అనేది పోప్ ఇచ్చే గౌరవ హోదా. కాబట్టి మోమార్త్ గుట్ట మీద తెల్లగా మెరిసే సాక్రే క్యోర్, అంటే తిరుహృదయ దేవాలయం, ఎంత పెద్దదైనా బసిలికానే, కథీడ్రల్ కాదు. ఊరికి ఉత్తరాన ఉన్న సెయింట్ డెనీ మాత్రం రెండూను. మన దగ్గర మెదక్ చర్చి విషయంలోనూ ఈ తికమక ఉంది. అది కథీడ్రలే, కాని కతోలికులది కాదు, ప్రొటెస్టెంట్ సంఘమైన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారిది.

1163లో హనుమకొండ, పారిస్

నోట్రెడామ్‌కి పునాది రాయి 1163లో, పోప్ మూడో అలెగ్జాండర్ పారిస్‌లో ఉన్నప్పుడు పడిందని చెబుతారు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడు వేయించిన శాసనం కూడా 1163 నాటిదే. ఇది కాకతాళీయమే. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గోతిక్ పద్ధతి ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది.

వేయిస్తంభాల గుడి స్తంభాలు, దూలాల మీద నిలబడింది. రాయిని పైనుంచి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం విరుగుతుంది. రెండు స్తంభాల మీద పెట్టిన రాతి దూలం తన బరువుకు తానే నడుమ కాస్త వంగాలని చూస్తుంది, అప్పుడు దాని కింది అంచు సాగదీతకు గురవుతుంది. రాయి ఓర్చుకోలేనిది ఆ సాగదీతనే. అందుకే దూలాలు పొట్టిగా, స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండాలి. కాకతీయ శిల్పులు ఈ పరిమితినే అందంగా మలిచారు. అద్దంలా నునుపు తేలిన ఆ స్తంభాల వరుసలే గుడికి పేరు తెచ్చాయి. పైగా అక్కడ అవసరం వేరు. దేవుడు ఉండేది చిన్న గర్భగుడిలో, భక్తులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి దర్శనం చేసుకుని వెళతారు.

కతోలిక పూజకు కావలసింది మరొకటి. జనమంతా ఒకేసారి లోపల చేరి ఒకే బలిపీఠం వైపు చూడాలి. నడుమ స్తంభాలు అడ్డు రాకూడదు. నోట్రెడామ్ నడిమి భాగం సుమారు 12 మీటర్ల వెడల్పు, 33 మీటర్ల ఎత్తు. అంత వెడల్పును రాతి దూలంతో దాటడం అసాధ్యం, కమాను కావాలి. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది తప్ప ఎక్కడా సాగదీత ఉండదు. కాని కమాను కాళ్లు ఎప్పుడూ బయటికి జరగాలని చూస్తాయి. పూరిపాకకు అడ్డకర్ర లేకుండా వాసాలు వేస్తే గోడలు బయటికి తోసుకుపోతాయి, ఇదీ అంతే. అడ్డకర్ర మోసేది కొన్ని బొంగుల బరువు. ఇక్కడ తోసేది వందల టన్నుల రాయి.

ఈ తోపుడును ఆపడానికి పాత పద్ధతి గోడను మందంగా కట్టడం. మందపు గోడకు పెద్ద కిటికీలు పెట్టలేరు, లోపల చీకటి తప్పదు. రోమనెస్క్ అనే పేరు ఈ పద్ధతికే పెట్టారు. సీన్ నదికి ఎడమ గట్టున ఉన్న సెయింట్ జెర్మేన్ దె ప్రే చర్చిలో 1000 ప్రాంతంలో మొదలైన గంటల బురుజు, దాని వెనక చిన్న కిటికీల మందపు గోడలు ఇప్పటికీ ఉన్నాయి. అదే చర్చిలో బలిపీఠం వైపుకు నడిస్తే గోడలు పల్చబడి వెలుతురు వస్తుంది. ఆ కొత్త భాగాన్ని 1163 ఏప్రిల్‌లో అదే మూడో అలెగ్జాండర్ పోప్ ప్రతిష్ఠించాడు. పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకే కప్పు కింద, యాభై అడుగుల్లో, ఇంత స్పష్టంగా కనిపించే చోటు పారిస్‌లో మరొకటి దొరకడం కష్టం. పర్యాటకులు ఎదుటి కాఫీ హోటళ్ల ఫొటోలు తీసుకుని దీన్ని దాటిపోతుంటారు.

గోతిక్ అనే ఈ కొత్త పద్ధతి మూడు ఉపాయాల కలయిక. మొనదేలిన కమాను గుండ్రటి కమాను కన్నా తక్కువగా బయటికి తోస్తుంది. కప్పు కింద అడ్డంగా ఒకదాన్నొకటి దాటుతూ వెళ్లే రాతి పట్టీలు బరువును గోడ పొడవునా పరచకుండా కొన్ని బిందువులకు చేరుస్తాయి. ఆ బిందువుల దగ్గర బయటినుంచి ఒక రాతి చేయి వచ్చి ఆనుకుంటుంది, అదే ఫ్లయింగ్ బట్రెస్. ఆ చేయి కప్పు తోపుడును అందుకుని, దూరంగా ఉన్న బరువైన దిమ్మెకు, దాని మీదుగా నేలకు పంపుతుంది. గోడకు ఇక మోసే పని పెద్దగా మిగలదు, కాబట్టి అక్కడ అద్దాలు బిగించవచ్చు. చర్చికి తూర్పు వైపు, అంటే వెనక వైపు, వెళ్తే ఈ చేతులు దాదాపు 15 మీటర్ల మేర గాలిలో చాచుకుని కనిపిస్తాయి. జనం ముందు వైపు జంట బురుజుల దగ్గర గుమిగూడతారు. కట్టడం కిటుకు మాత్రం వెనకే ఉంది.

అగ్నిప్రమాదం పెట్టిన పరీక్ష

పైకప్పు కాలినా నోట్రెడామ్ నిలవడానికి కారణం అక్కడ కప్పులు రెండు ఉండటమే. లోపలినుంచి చూస్తే కనిపించేది రాతి కప్పు. దాని పైన, వాన నుంచి కాపాడటానికి, ఓక్ దుంగల చట్రం, సీసపు రేకులు. దుంగలు లెక్కలేనన్ని కాబట్టి ఆ చట్రాన్ని ‘అడవి’ అని పిలిచేవారు. 2019లో కాలిపోయింది ఈ పై కప్పు. పందొమ్మిదో శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలే లె ద్యూక్ నిలబెట్టిన శిఖరం విరిగి పడటంతో రాతి కప్పుకు కొన్ని చోట్ల కన్నాలు పడ్డాయి, కాని ఎక్కువ భాగం నిలిచి, మండుతున్న దుంగలు కింద పడకుండా ఆపింది. మధ్యయుగపు మేస్త్రీలు రాతి కప్పు వేయడానికి నిప్పు భయం కూడా ఒక కారణం. వాళ్ల జాగ్రత్త ఎనిమిది వందల ఏళ్ల తర్వాత అక్కరకు వచ్చింది.

అసలు టెన్షన్ మంటలు ఆరాక మొదలైంది. ఫ్లయింగ్ బట్రెస్ లోపలికి తోస్తుంది, కప్పు బయటికి తోస్తుంది, రెండూ సరిసమానంగా ఉన్నంతసేపే గోడ నిటారుగా ఉంటుంది. మిగిలిన రాతి కప్పు కూడా కూలితే, తోసేవాడు లేని ఆ చేతులు గోడలను లోపలికి నెట్టేస్తాయి. అందుకే మరమ్మతు బృందం మొదట చేసిన పనుల్లో ఒకటి, 28 ఫ్లయింగ్ బట్రెస్‌ల కిందా చెక్క చట్రాలు బిగించడం. కమాను కట్టేటప్పుడు మేస్త్రీలు కింద పెట్టే చట్రం లాంటివే అవి. కట్టడానికి వాడే పనిముట్టే కూలకుండా ఆపడానికీ పనికొచ్చింది.

తర్వాత వివాదం వచ్చింది. గాజు కప్పు వేద్దామన్నారు కొందరు, మీద తోట పెంచుదామన్నారు ఇంకొందరు. 2020 జూలైలో పాత రూపంలోనే కట్టాలని తేల్చారు. సుమారు 2,000 ఓక్ చెట్లు వాడి చట్రాన్ని, శిఖరాన్ని తిరిగి నిలబెట్టారు. ఈ నిర్ణయం వెనక ఉన్నది పాతదనం మీద మమకారం ఒక్కటే అనుకోవడం సరికాదు. పైకప్పు బరువు గోడలను కిందికి నొక్కి పట్టడం వల్ల పక్క తోపుడుకు, గాలికి అవి సులువుగా చలించవు. గోతిక్ కట్టడంలో బరువు కూడా ఒక పని చేస్తుంది. బట్రెస్ దిమ్మెల నెత్తిన అలంకారంలా కనిపించే రాతి మొనలు చేసేదీ ఆ పనే.

గోడల స్థానంలో వెలుగు

గోతిక్ పద్ధతి పూర్తి రూపంలో మొదట కనిపించింది నోట్రెడామ్‌లో కాదు. సెయింట్ డెనీ మఠాధిపతి సూజే తన చర్చి తూర్పు భాగాన్ని తిరగ కట్టించి 1144 జూన్‌లో ప్రతిష్ఠ చేయించాడు. పునీతుల అవశేషాల చుట్టూ యాత్రికులు తిరగడానికి అక్కడ ఒక దారి ఉంది. మన ప్రదక్షిణ మార్గం లాంటిదే. ఆ దారి వెంట ఉన్న చిన్న ప్రార్థనా గదుల నడుమ గోడలు తీసేసి, సన్నని స్తంభాలు, రంగు అద్దాలు పెట్టారు. దేవుడు వెలుగు, వెలుగు మనసును పైకి తీసుకెళ్తుంది అనే నమ్మకం సూజేది. గర్భగుడిలో చీకటి, ఒక్క దీపం భక్తికి దారి తీసినట్టే అక్కడ వెలుగు ఆ పని చేసింది.

ఈ ఆలోచన చిట్టచివరి అంచు సాంత్ షపెల్. తొమ్మిదో లూయీ రాజు క్రీస్తు ముళ్ల కిరీటంగా నమ్మే అవశేషాన్ని కొని, దానికోసం రాజభవనంలో దీన్ని కట్టించాడు. 1248లో ప్రతిష్ఠ జరిగింది. కిరీటానికి పెట్టిన డబ్బు చర్చికి పెట్టినదానికన్నా మూడు రెట్లకు మించి ఉంటుందని చరిత్ర చెబుతుంది. నగకన్నా నగపెట్టె చవక అన్నమాట. మేడమీది గదిలో సుమారు 15 మీటర్ల ఎత్తున 15 కిటికీలు, వాటిలో 1,113 బైబిల్ దృశ్యాలు. గోడ అనేదే కనపడదు. ఫ్లయింగ్ బట్రెస్‌లు కూడా లేవు. కిటికీల నడుమ బయటికి లోతుగా పొడుచుకొచ్చిన దిమ్మెలు, రాతిలో, కిటికీల ఊచల్లో దాచిపెట్టి కట్టడం చుట్టూ తిప్పిన ఇనుప పట్టీలు ఆ తోపుడును పట్టి ఉంచాయి. పీపాకు బిగించిన ఇనుప కట్టులా అనుకోవచ్చు. పదమూడో శతాబ్దంలోనే రాయి ఇనుము సాయం తీసుకుంది. ఈ సంగతి తర్వాత కథకు ముఖ్యం.

తెర తీసిన ట్రెంట్ సభ

1545 నుంచి 1563 వరకు జరిగిన కతోలిక బిషప్‌ల ట్రెంట్ సభ తర్వాత చర్చి లోపలి అమరిక మారింది. అంతకుముందు పూజ చేసే గురువులు (ఫాదర్లు) ఉండే భాగానికీ జనానికీ మధ్య అడ్డంగా ఒక రాతి తెర ఉండేది. బలిపీఠం అందరికీ కనపడాలన్న కొత్త ధోరణితో ఆ తెరలను చాలాచోట్ల తీసేశారు. పారిస్‌లో మిగిలింది ఒకటే, పాంథియాన్ వెనక ఉన్న సెయింట్ ఎతియెన్ దు మోన్ చర్చిలో. రెండు వైపులా మెలికలు తిరిగే మెట్లతో రాతి లేసులా ఉండే ఆ తెరను చూస్తే, పోయినవి ఎన్నో అనిపించక మానదు. 1532లో మొదలైన సెయింట్ యూస్టాష్ మధ్యస్థ దశకు చెందింది. ఎముకలు గోతిక్‌వి, పైన తొడిగిన అలంకారం ఇటలీ నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్. ఆపై జెస్యూట్ గురువుల సెయింట్ పాల్ సెయింట్ లూయీ లాంటి గుమ్మటాల చర్చిలు వచ్చాయి. మడెలీన్ చర్చి సంగతి వేరు. నెపోలియన్ దాన్ని తన సైన్యం కీర్తి కోసం గుడిగా తలపెట్టాడు, 1842లో చర్చిగా పూర్తయింది. చుట్టూ 52 స్తంభాలు, పక్క కిటికీలు లేవు, వెలుతురు పైనుంచే దిగుతుంది.

ఇనుము, సిమెంటు వచ్చాక

పందొమ్మిదో శతాబ్దం చర్చిలను యాత్రా పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఇది అన్యాయం. బరువు దారి మళ్లీ మారింది అప్పుడే.

సెయింట్ అగస్టీన్ చర్చికి దొరికిన స్థలం కొత్తగా వేసిన పెద్ద రోడ్ల మధ్య, ముందు వైపు ఇరుకుగా, వెనక్కి పోయేకొద్దీ వెడల్పుగా ఉంది. బట్రెస్‌లు పెట్టే జాగా లేదు. 1860లలో వాస్తుశిల్పి విక్తర్ బల్తార్ లోపల లోహపు చట్రం నిలబెట్టి కప్పు బరువును దానికి అప్పగించాడు. బయట రాయి కేవలం పై తొడుగు. లే హాల్ మార్కెట్‌కు ఇనుప మండపాలు వేసింది కూడా ఈయనే. లోపలికి వెళ్లి స్తంభాలకు ఆనుకుని పైకి పోయే పోత ఇనుప కంబాలను గమనిస్తే రహస్యం బయటపడుతుంది. 1902 నాటి నోట్రెడామ్ దు త్రవాయ్, అంటే ‘శ్రమ మాత’ చర్చి, దాపరికం కూడా మానేసింది. కార్మికుల పేటలో కట్టిన ఆ చర్చిలో రివెట్లు కొట్టిన ఇనుప కమానులే కళ్లెదుట ఉంటాయి. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఆ చోటు పరాయిగా అనిపించకూడదన్నది ఉద్దేశం. రైల్వే స్టేషన్‌లా ఉంది అనిపిస్తే ఆ పోలిక తప్పేమీ కాదు.

మోమార్త్ గుట్ట మీద ఇంకా పెద్ద తేడా కనిపిస్తుంది. పైన సాక్రే క్యోర్: 1875లో మొదలై 1914కి పూర్తయింది, బైజాంటిన్ తరహా రాతి గుమ్మటాలు. కింద ఆబెస్ మెట్రో ఎదురుగా సెయింట్ జాన్ చర్చి: 1894లో మొదలై 1904లో పూర్తయింది, ఉక్కు తీగెలు పెట్టిన సిమెంటు. దీని శిల్పి అనతోల్ ద బోదో, వియొలే లె ద్యూక్ శిష్యుడు. అంత సన్నని స్తంభాలు అంత కప్పును మోయలేవని అధికారులు పని ఆపించారు, కూల్చివేత దాకా వెళ్లింది. బరువు పరీక్షల తర్వాతే పని సాగింది. సన్నని పట్టీలు కప్పు అంతా అల్లుకుని ఉంటాయి. కాని ఇక్కడ సాగదీతను ఓర్చుకునే ఉక్కు లోపలే ఉంది, కాబట్టి బయట బట్రెస్ అక్కర్లేదు. హనుమకొండ దూలానికి లేనిదీ, నోట్రెడామ్ చేతులు చాచి సాధించిందీ, ఇక్కడ ఒక పల్చటి పెంకులో ఇమిడిపోయింది. గుట్ట ఎక్కే జనంలో చాలామంది దీని గుమ్మం ముందునుంచే వెళతారు. చూడదగ్గదని గుర్తించేది తక్కువమంది.

ఖర్చు బరువు ఎవరిది?

1905 డిసెంబర్ 9న ఫ్రాన్స్ మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీస్తూ చట్టం చేసింది. దాని ఫలితంగా కథీడ్రల్స్ కేంద్ర ప్రభుత్వానివి, అప్పటికే ఉన్న ఊరి చర్చిలు ఆయా మున్సిపాలిటీలవి అయ్యాయి. వాడుకునే హక్కు మాత్రం కతోలికులదే, అద్దె లేకుండా. అంటే పారిస్‌లోని పాత చర్చిల గోడలు నగరపాలక సంస్థ ఆస్తి. మన దగ్గర దేవాదాయ శాఖ గుడి నిర్వహణను, ఆదాయాన్ని పర్యవేక్షిస్తుంది. అక్కడ ప్రభుత్వానికి గోడల బాధ్యత ఉంది, హుండీ మీద అధికారం లేదు.

అదే చట్టం ఈ కట్టడాల సందర్శనకు రుసుము వసూలు చేయకూడదని చెబుతుంది. అందుకే నోట్రెడామ్ ఉచితం. బురుజులు ఎక్కాలంటే మాత్రం టికెట్ తీసుకోవాలి. సాంత్ షపెల్ ఇప్పుడు పూజలు జరిగే చర్చి కాదు, ప్రభుత్వ స్మారక కట్టడం, కాబట్టి అక్కడ టికెట్ పెట్టారు.

2024 అక్టోబర్‌లో ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి రషీదా దాతీ, నోట్రెడామ్ పర్యాటకుల నుంచి 5 యూరోలు తీసుకుంటే ఏడాదికి 7.5 కోట్ల యూరోలు వస్తాయని, దానితో దేశంలోని పాత చర్చిలను బాగుచేయవచ్చని ప్రతిపాదించారు. చర్చి వర్గాలు ఒప్పుకోలేదు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. నోట్రెడామ్‌కి 150 దేశాల నుంచి సుమారు 85 కోట్ల యూరోల విరాళాలు వచ్చాయి. పక్క వీధిలో నీరు కారే చర్చికి అలాంటి దాతలు దొరకరు, నగరపాలక సంస్థ బడ్జెట్టే దిక్కు. కాని టికెట్ పెడితే గుమ్మం దగ్గర ఒకర్ని ఆపి, నువ్వు ప్రార్థనకు వచ్చావా, చూడటానికి వచ్చావా అని అడగాలి. తిరుమలలో సర్వదర్శనం, 300 రూపాయల ప్రత్యేక దర్శనం వేరువేరు క్యూలు అయినా, రెండింట్లో నిలబడేవాళ్లూ భక్తులే. పారిస్‌లో గీత గీయవలసింది మనుషుల ఉద్దేశాల మధ్య. ఆచరణలో ఇది చాలా కష్టం.

ఏ వేళ ఎటు వెళ్లాలి

పాత చర్చిలు చాలావరకు బలిపీఠం తూర్పున, ముఖద్వారం పడమట ఉండేలా కట్టినవి. అందువల్ల సాయంత్రపు ఎండ నోట్రెడామ్ ముందు వైపు పడుతుంది, అక్కడి శిల్పాలు అప్పుడే బాగా కనిపిస్తాయి. ఉత్తరపు గుండ్రటి కిటికీలో పదమూడో శతాబ్దపు అద్దం చాలావరకు మిగిలి ఉంది. దానికి నేరుగా ఎండ తగలదు కాబట్టి నీలం రంగు రోజంతా నిలకడగా ఉంటుంది. సాంత్ షపెల్‌కి మబ్బు పట్టిన రోజు వెళితే సగమే చూసినట్టు. పూజ జరిగే సమయంలో తిరగనివ్వరు, ఫొటోలు అసలే వద్దు. వెనక బెంచీలో కూర్చుంటే ఆర్గన్ వినవచ్చు, అంత ఎత్తు కప్పు కింద స్వరం ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది.

సెయింట్ డెనీకి మెట్రో 13వ లైన్ ఎక్కాలి. పొద్దున్నే వెళ్తే సూజే కట్టించిన తూర్పు భాగం అద్దాల్లోంచి ఎండ నేల మీద రంగులు పరుస్తుంది. బయటికి వచ్చి ముందు వైపు చూస్తే ఒక బురుజు మొండిగా ఉంటుంది. బలహీనపడిందని 1840లలో దాని పై భాగాన్ని, శిఖరాన్ని రాయి రాయిగా దించేశారు. ఇప్పుడు వాటిని చెక్కుడు రాళ్లతో మళ్లీ ఎత్తే పని నడుస్తోంది. నిప్పు చూడని చర్చి కావడంతో దీనికి నోట్రెడామ్‌కి వచ్చినంత పేరు రాలేదు. కాని మధ్యయుగపు పద్ధతిలో రాయి మీద రాయి ఎలా ఎక్కుతుందో కళ్లారా చూడాలనుకునేవాళ్లు వెళ్లవలసిన చోటు అదే.